బండి నీళ్ళు తాగుతోందా?

పాత కారున్నవాళ్ళు మెకానిక్ నోట వినకూడదనుకునే మాట ఒకటుంది: "హెడ్ దించాలండీ." అది వినగానే మనలో కొందరు భయపడి అక్కడికక్కడే సరేననేస్తారు. ఇంకొందరు, కొన్నాళ్ళు చూద్దాంలే అని డిక్కీలో రెండు లీటర్ల నీళ్ళ సీసా పెట్టుకుని తిరుగుతారు. మొదటివాళ్ళకు అవసరం లేని ఖర్చు తగలవచ్చు. రెండోవాళ్ళకు ఇంజనే పోవచ్చు. గ్యాస్కెట్ నిజంగా పోయిందా అని ముందు తేల్చుకోవాలి. పోతే ఎందుకు పోయిందో పట్టుకోవాలి. బాగు చేయించాలా, వదిలించుకోవాలా అన్న ఆలోచన ఆ తర్వాతే రావాలి. చాలామంది ఈ వరస తలకిందులు చేసి, ఒకే పనికి రెండుసార్లు డబ్బు కడుతుంటారు.

ఇంజన్‌లో పిస్టన్లు ఆడే కింది భాగం బ్లాకు, వాల్వులుండే పై భాగం హెడ్. ఆ రెంటి మధ్య ఉండే పలచటి రేకే హెడ్ గ్యాస్కెట్. కుక్కర్ గ్యాస్కెట్ ఒక్క ఆవిరిని ఆపితే చాలు. ఇది మాత్రం సిలిండర్లో మండే వాయువును, చుట్టూ తిరిగే కూలెంటును, పైకీ కిందికీ పోయే ఆయిల్‌ను ఒకదానితో ఒకటి కలవకుండా ఏకకాలంలో ఆపాలి. పాత ఇంజన్లలో ఆస్‌బెస్టాస్‌వీ ఆ తర్వాత గ్రాఫైట్‌వీ ఉండేవి. ఇప్పటి కార్లలో ఎక్కువగా స్టీలు పొరలు పేర్చినవే వస్తున్నాయి. చాలా ఇంజన్లలో హెడ్ అల్యూమినియంది, బ్లాకు పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడిలో ఈ తేడాను గ్యాస్కెట్ ఏళ్ళ తరబడి భరిస్తుంది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటిన రోజున మాత్రం హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్‌కు పట్టు తప్పుతుంది.

అందుకే నా లెక్కలో గ్యాస్కెట్ దోషి కాదు, బాధితురాలు. తిరగని రేడియేటర్ ఫ్యాన్, మూసుకుపోయిన థర్మోస్టాట్, రెక్కలు అరిగిన వాటర్ పంపు, ఉప్పు పేరుకుని పూడిపోయిన రేడియేటర్, వీటిలో ఏదో ఒకటి దాన్ని చంపి ఉంటుంది. మన ఊళ్ళలో ఆ జాబితాకు బోరు నీళ్ళు కూడా కలపాలి. "కూలెంటుకు డబ్బులు దండగ, నీళ్ళు చాలు" అనే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఉంటాడు. బోరు నీళ్ళలోని సున్నం గీజర్ కాయిల్‌కు పట్టినట్టే రేడియేటర్ గొట్టాలకూ పడుతుంది. దానికి తోడు వట్టి నీళ్ళు లోపల తుప్పు పట్టిస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో సగానికి సగం కలిపిన కూలెంటు తుప్పును అడ్డుకుంటుంది, కాస్త ఎక్కువ వేడి వరకూ మరగకుండా ఉంటుంది.

లక్షణాలు ఒక్కో బండిలో ఒక్కోలా ఉండటానికి కారణం గ్యాస్కెట్ ఎక్కడ తెగిందన్నదే. నీటి దారికీ సిలిండర్‌కూ మధ్య తెగితే రెండు వైపులా నష్టం. ఇంజన్ నడిచేటప్పుడు మంట ఒత్తిడి కూలెంటులోకి పోతుంది. మెకానిక్‌లు "కంప్రెషన్ రేడియేటర్‌లోకి కొడుతోంది" అనేది దీన్నే. బండి ఆపాక అదే దారిన కూలెంటు సిలిండర్‌లోకి జారుతుంది. అందుకే పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు మిస్సింగ్ కొట్టి, సైలెన్సర్ నుంచి తెల్లగా ఆవిరి వదిలి, తర్వాత ఏమీ ఎరగనట్టు సాఫీగా నడుస్తుంది. నీటికీ ఆయిల్‌కూ మధ్య తెగితే డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తుంది. రెండు సిలిండర్ల మధ్య సన్నటి గోడ దగ్గర తెగితే నీళ్ళు తగ్గవు, ఆయిల్ పాడవదు. పికప్ మాత్రం పడిపోతుంది, ఇంజన్ వణుకుతుంది. పాపం, దాన్ని ప్లగ్గుల లోపమనో ఇంజెక్టర్ లోపమనో అనుకుని నెలల తరబడి వాటినే మారుస్తుంటారు. ఇక బయటి వైపు తెగిందంటే మీ అదృష్టం. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య గీత వెంట చెమ్మ కంటికే కనిపిస్తుంది.

నన్నడిగితే వీటన్నిటికంటే ముందు నమ్మాల్సిన సాక్షి కూలెంటు మట్టం. కింద చుక్క పడకుండా, ఏ పైపూ కారకుండా, వారం వారం డబ్బాలో మట్టం తగ్గుతుంటే బండి నీళ్ళు తాగుతున్నట్టే. అలాంటప్పుడు మళ్ళీ నింపేసి మర్చిపోకండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీద మార్కర్‌తో గీత గీసి, తేదీ, కిలోమీటర్లు రాసుకోండి. మెకానిక్ దగ్గరకు వెళ్ళినప్పుడు "ఎందుకో హీటవుతోందన్నా" అన్న మాటకంటే ఆ కాగితానికే విలువెక్కువ.

తొందరపడి తీర్పు చెప్పకూడని లక్షణాలూ ఉన్నాయి. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కనిపించగానే గ్యాస్కెట్ పోయిందని గుండె బాదుకోనక్కర్లేదు. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో, చలికాలంలో, ఇంజన్ పూర్తిగా వేడెక్కక లోపలి తేమ అలా పేరుకుంటుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే, మూత తుడిచి, ఒక దూర ప్రయాణం చేసొచ్చి మళ్ళీ చూడండి. ఆదిలాబాద్‌లోనో అరకులోనో డిసెంబరు పొద్దున కారు తెల్లటి ఆవిరి వదలడం మామూలే. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తేనే అనుమానించాలి. డీజిల్ బండి తెల్లపొగ ఘాటుగా కళ్ళు మండిస్తుంటే అది మండని డీజిల్, చూడాల్సింది ఇంజెక్టర్లను. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది, అది వేరే కథ. కొన్ని డీజిల్ ఇంజన్లలో పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ లోపల చిల్లిపడి, చుక్క కూడా కింద పడకుండా కూలెంటును తాగేస్తుంది. ఆయిల్ కూలర్ చిల్లిపడినా నీళ్ళూ ఆయిలూ కలుస్తాయి. రేడియేటర్ మూతలోని స్ప్రింగు వదులైనా కూలెంటు డబ్బాలోకి పొంగి పోతుంది. మూత ఖరీదు హెడ్ పని ఖర్చులో ఒక మూలకు రాదు. ముందు దాన్ని మార్చి చూడమని అడగడానికి మొహమాటపడకండి.

ఖరారు చేసుకునే పద్ధతులు

ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. రాత్రంతా ఆగి పూర్తిగా చల్లబడిన బండి మీదే చేయాలి. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. వాతావరణ పీడనం పైన దాదాపు అన్ని బార్ల ఒత్తిడిని అది బిగబట్టి ఉంచుతుంది. అందుకే లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, నీళ్ళన్నీ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

చల్లటి బండికి మూత తీసి, రేడియేటర్‌ను అంచుదాకా నింపి స్టార్ట్ చేయండి. మొదట ఒకటి రెండు గాలి బుడగలు రావడం సహజం. సన్నటి బుడగలు ఎంతకీ ఆగకుండా, యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా జోరుగా వస్తుంటే లోపల మంట వాయువు కొడుతోంది. రేడియేటర్‌కు మూత లేకుండా డబ్బాకే ఉన్న కార్లలో ఈ ఆట డబ్బాలోనే చూడాలి. ఇంకో పద్ధతిలో, మూత బిగించి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, రెండు నిమిషాల్లోపు పై హోస్ పైపును చేత్తో నొక్కి చూడండి. బెల్టుకూ ఫ్యాన్‌కూ చెయ్యి దూరంగా ఉంచండి. పైపు ఇంకా చల్లగానే ఉండి, అప్పుడే రాయిలా బిగుసుకుంటే ఆ ఒత్తిడి వేడి వల్ల వచ్చింది కాదు.

గ్యారేజీలో చేయించాల్సినవి మరో మూడు. పంపుతో రేడియేటర్‌లోకి మూత మీద రాసినంత ఒత్తిడి ఎక్కించి, ముల్లు పడిపోతుందేమో చూస్తారు. పడిపోతూ బయట ఎక్కడా కారకపోతే నీళ్ళు లోపలికే పోతున్నాయి. ప్లగ్గులు విప్పి చూస్తే మిగతావి మసిబారి ఉండగా ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరుస్తూ ఉంటే, నీళ్ళు చేరుతున్న సిలిండర్ అదే. రెండోది కంప్రెషన్ పరీక్ష. బాగున్న పెట్రోల్ ఇంజన్ సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య చూపిస్తుంది, డీజిల్ అంతకు రెట్టింపు పైనే. ఇక్కడ అంకెకంటే తేడా ముఖ్యం. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు మిగతా వాటికంటే బాగా తక్కువ చూపిస్తే గ్యాస్కెట్ ఆ రెంటి మధ్య తెగిందనుకోవచ్చు. మూడోది రంగు పరీక్ష. నీలం రంగు ద్రవమున్న గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద ఉంచి, అక్కడి గాలిని దాని గుండా లాగుతారు. అందులో మంట నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఉంటే పెట్రోల్ బండిలో నీలం పసుపవుతుంది. ఖాళీగా తిరిగే డీజిల్ ఇంజన్‌లో ఆ వాయువు తక్కువ కాబట్టి పరీక్ష తప్పిపోవచ్చు, ఇంజన్‌ను కాస్త రేజ్ చేసి చూడాలి. ఈ మూడింటిలో ఒక్కటీ చేయకుండా, బానెట్ ఎత్తి చూసి "గ్యాస్కెట్టే సార్" అనే గ్యారేజీకి దండం పెట్టి ఇంకో చోటికి వెళ్ళండి.

కొనేముందు

సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్ళంతా మోసగాళ్ళని నేననను. కానీ మీరు వెళ్ళేసరికి బండి అప్పటికే వేడెక్కి ఉంటే అడగాల్సిందే. గ్యాస్కెట్ లోపం బయటపడేది చల్లటి స్టార్ట్‌లోనే. "పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే తాళం తిప్పమనండి.

కూలెంటు కొత్తదై ధగధగలాడుతుంటే ఎందుకు మార్చారో కనుక్కోండి. తుప్పు రంగులో ఉంటే ఏళ్ళుగా వట్టి నీళ్ళతో నడిపారన్నమాట. అందులో రాగి పొడి లాంటి తళుకులుంటే ఎవరో లీకు మూసే మందు పోసి ఉంటారు, అక్కడి నుంచి నిదానంగా బయటికి నడవండి. మన ప్రాంతంలో తరచూ వినబడే రెండు మాటలున్నాయి: "థర్మోస్టాట్ తీసేశాం అన్నా, మన ఎండలకు అదెందుకు?", "ఫ్యాన్ డైరెక్ట్ ఇచ్చాం, ఇక హీటే కాదు." రెండింటినీ గొప్పగా చెబుతారు. రెండూ ఈ బండి ఎప్పుడో ఒకప్పుడు హీటయిందని ఒప్పుకోవడమే. థర్మోస్టాట్ లేని ఇంజన్ సరైన వేడికి చేరక మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి.

కాలనీలో ఒక చుట్టు తిప్పి ఇచ్చేస్తే సరిపోదు. అరగంటకు తగ్గకుండా, ఏసీ వేసి, ట్రాఫిక్‌లో కొంత, ఎత్తు మీద కొంత నడపండి. తెగడానికి సిద్ధంగా ఉన్న గ్యాస్కెట్ చదును రోడ్డు మీద ఓర్చుకుని, తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడో అనంతగిరి ఘాట్ మలుపుల్లోనో చేతులెత్తేస్తుంది. చాలా చిన్న కార్లలో ఇప్పుడు టెంపరేచర్ ముల్లే లేదు, ఎర్రదీపం మాత్రమే. అది వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. ఓబీడీ సాకెట్ ఉన్న బండికి చవకగా దొరికే బ్లూటూత్ స్కానర్ తగిలించి ఫోన్‌లో అసలు అంకె చూసుకోండి. సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల మధ్య ఉండాలి, 110 దాటి ఎక్కుతూ పోతుంటే ఆపెయ్యాలి.

అమెరికాలో చదువుకుంటూ సెకండ్ హ్యాండ్ కారు వెతుక్కునే మన పిల్లలకు ఒక మాట. 1990ల చివర్లో, 2000లలో వచ్చిన సుబారు 2.5 లీటర్ల ఇంజన్లకు గ్యాస్కెట్ లీకుల పేరుంది. ఆ ఇంజన్‌లో సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉంటాయి కాబట్టి హెడ్లూ రెండు, గ్యాస్కెట్లూ రెండు. మంచు కురిసే చోట్ల ఆ కార్లకు గిరాకీ ఎక్కువే. కొంటే గ్యాస్కెట్లు మార్పించిన బిల్లు చూసి కొనండి.

దారిలో ముల్లు లేస్తే

ముందు ఏసీ ఆపండి. పక్కకు తీసే చోటు దొరికేదాకా హీటర్ పూర్తిగా పెట్టి, కిటికీలు దించి, మెల్లగా నడపండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. మే నెలలో రామగుండం రోడ్డు మీద ఇది శిక్షలా ఉంటుంది, భరించండి. ఎర్రగీత చేరితే మాత్రం ఇంకో అర కిలోమీటర్ అనకుండా ఇంజన్ ఆపేయండి. గంట పాటు బండిని ముట్టుకోకండి. దారినపోయే దయగలవాళ్ళు బిందెతో చల్లటి నీళ్ళు తెచ్చి ఇంజన్ మీద పోయబోతారు. పోయనివ్వకండి, హెడ్ పగులుతుంది. చల్లారాక నీళ్ళు కలిపి స్టార్ట్ చేస్తే మళ్ళీ వెంటనే లేస్తుంటే టోయింగ్ బండిని పిలవండి. స్టార్టర్ ఒక్కసారి 'టక్' మని ఆగిపోయి ఇంజన్ తిరగకపోతే మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్ నిండా నీళ్ళు ఉండి ఉండవచ్చు. నీళ్ళు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

నీళ్ళు పోసుకుంటూ తిరగడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నీళ్ళు కలిసిన ఆయిల్‌కు జిగురు పోతుంది. దాని మీద ఆధారపడిన క్రాంక్ బేరింగులు అరిగిపోతాయి. హెడ్ పనితో తేలాల్సింది ఇంజన్ పని అవుతుంది. మామూలు వాహన బీమా మెకానికల్ లోపాలకు డబ్బివ్వదు కాబట్టి ఆ ఖర్చంతా మీదే.

లీకు మూసే మందుల గురించి కూడా అడుగుతుంటారు. వాటిలో చాలావాటిలో ఉండేది సోడియం సిలికేట్. వేడి తగిలిన చోట గాజులా గడ్డకట్టి చిల్లి మూస్తుంది. చిల్లితో పాటు రేడియేటర్ సన్నటి గొట్టాలనూ హీటర్‌నూ కూడా మూయగలదు. 2009లో అమెరికా ప్రభుత్వం, పాత కారు ఇచ్చి కొత్తది కొనేవాళ్ళకు రాయితీ ఇచ్చి ఆ పాత కార్లను తుక్కు చేయించే పథకం పెట్టినప్పుడు, ఆ ఇంజన్లు మళ్ళీ పనికి రాకుండా ఆయిల్ తీసేసి పోయించింది ఈ సోడియం సిలికేట్ ద్రావణాన్నే. ఊరవతల చిక్కుకుని ఇల్లు చేరడానికైతే పోసుకోండి. దాన్ని రిపేరు అనుకోకండి.

హెడ్ దించాక

గ్యాస్కెట్ రేకు ఖరీదు తక్కువే, ఖర్చంతా దాన్ని చేరే దారిలో ఉంటుంది. కాబట్టి ఒకసారి దించిన హెడ్డును సగం పనితో తిరిగి ఎక్కించడం దండగ. హెడ్ లేత్ షాపుకు వెళ్ళాలి. దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూసి వంపు కొలుస్తారు. చాలా కంపెనీలు ఒప్పుకునే వంపు 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, సరైన అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. అంతకు మించితే ఫేసింగ్ చేయించాలి. దానికంటే ముందు నీటి దారుల్లో ఒత్తిడి పెట్టి పగుళ్ళు వెతకాలి. పగిలిన హెడ్డును నున్నగా చెక్కించి ప్రయోజనం లేదు. డీజిల్ ఇంజన్లలో గ్యాస్కెట్లు వేర్వేరు మందాల్లో వస్తాయి. పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి మందం ఎంచుకోవాలి. గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లో రంధ్రాలో ఆ మందానికి గుర్తు.

హెడ్ బోల్టుల దగ్గరే చాలామంది కక్కుర్తి పడతారు. ఇప్పటి ఇంజన్లలో ఎక్కువగా ఒకసారి సాగి బిగుసుకునే బోల్టులు వాడతారు. అవి మళ్ళీ వాడటానికి పనికిరావు. టార్క్ రెంచ్‌తో, మాన్యువల్ చెప్పిన వరసలో, మామూలుగా నడి మధ్య నుంచి అంచులకు, దఫదఫాలుగా బిగించాలి. పనికి ఒప్పుకునే ముందే "టార్క్ రెంచ్ ఉందా?" అని అడగండి. "చెయ్యి తెలుసు సార్, ముప్పై ఏళ్ళ అనుభవం" అని జవాబొస్తే అనుభవానికి నమస్కరించి బండిని వెనక్కి తెచ్చుకోండి.

వాటర్ పంపు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, హోస్ పైపులు, టైమింగ్ బెల్టు ఉన్న బండైతే అది కూడా ఇప్పుడే చూడాలి. రేడియేటర్ కడిగించాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. నీళ్ళు కలిసిన ఆయిల్ అయితే కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్ళీ మార్చాలి. పాత కూలెంటును గ్యారేజీ ముందు కాలువలోకి వదిలేయనివ్వకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, నాకిన కుక్కలు చచ్చిపోతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంజన్ మొదట ఎందుకు వేడెక్కిందో మెకానిక్ చెప్పగలగాలి. చెప్పలేకపోతే పని పూర్తి కాలేదు, కొత్త గ్యాస్కెట్ కూడా అదే దారిన పోతుంది.

ఇక చేయించాలా, వద్దా? నా కొలత ఇది. నీళ్ళు ఆయిల్‌లో కలవకముందే పట్టుకుని, హెడ్ పగలకుండా వంపుతోనే సరిపోయి, బండి మిగతా ఒళ్ళు బాగుంటే చేయించండి. బాగా చేసిన పని ఏళ్ళ తరబడి నిలుస్తుంది. హెడ్ పగిలి, బేరింగులు మోగుతుంటే, పనికయ్యే ఖర్చు బండి విలువలో సగం దాటుతుంటే ఆపేయండి. నిరుడు టైర్లకు పెట్టిన డబ్బు, మొన్న వేయించిన పెయింటు ఈ లెక్కలోకి రాకూడదు. అవి ఎటూ పోయినవే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ఇంజన్లు దొరుకుతాయి, కానీ దాని కంప్రెషన్ మీ కళ్ళముందు కొలవందే డబ్బు కట్టకండి. మార్చాక ఇంజన్ నంబరును ఆర్సీలో నమోదు చేయించుకోండి.

అమ్మేయాలనుకుంటే మాత్రం కొనేవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పి, పరీక్షల కాగితాలు చేతిలో పెట్టి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మండి.